బిడ్డ ఎక్కడిదో, దారి అక్కడిదే

శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టారు. శ్రీరంగం సూర్యనారాయణగారికి దత్తు వెళ్లాక ‘శ్రీరంగం’ ఆయన ఇంటిపేరైంది. పి.వి.నరసింహారావు లక్నేపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే వంగర గ్రామానికి దత్తు వెళ్లి, రంగారావు, రుక్మిణమ్మ దంపతుల చేతుల్లో పెరిగారు. మన పెద్దల కాలంలో దత్తత అంటే ఇలాగే ఉండేది. తెలిసిన ఇల్లు, తెలిసిన బిడ్డ. పురోహితుడు మంత్రాలు చదువుతుంటే నలుగురి ఎదుట బిడ్డ ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారేది.

నేను నల్లగొండలో సివిల్ కేసులు చూసే వకీలుని. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఇప్పటికీ దత్తత అంటే అదేననుకుంటారు. “మేడం, దత్తత కాయితం ఒకటి రాసియ్యాలె. స్టాంపు పేపర్ ఎంతది కొనుక్కురమ్మంటరు?” అని మొదలుపెడతారు. స్టాంపు పేపర్ సంగతి తరువాత చూద్దాం, ముందు కూర్చోండి అంటాను. మంచినీళ్లు ఇచ్చి మొట్టమొదట అడిగేది ఒకటే: “బిడ్డ ఎవరి బిడ్డ?”

జీతం ఎంత, కులమేంటి, పెళ్లయి ఎన్నేళ్లయింది అని అడుగుతాననుకుని సిద్ధమై వస్తారు. అవన్నీ తరువాత. ఏ చట్టం కింద వెళ్లాలి, ఏ ఆఫీసు మెట్లెక్కాలి, ఎంతకాలం పడుతుంది అన్నవన్నీ ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే తేలతాయి. దత్తతకు ఉన్న దారుల్లో మనకు వీలైనది ఏరుకుందామని చాలామంది అనుకుంటారు. కానీ దారిని తేల్చేది తల్లిదండ్రుల ఇష్టం కాదు, బిడ్డ ఎక్కడినుంచి వస్తోందన్నదే.

చెల్లెలి బిడ్డ

“మా చెల్లె బిడ్డనే మేడం. ఆమెకు ముగ్గురు ఆడపిల్లలు. మాకు లేరు. సంవత్సరం సంది మా ఇంట్లనే సాదుకుంటున్నం.”

ఇది అన్నిటికంటే సులువైన జవాబు. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు, బిడ్డ అందరూ హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం వర్తిస్తుంది. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా దీని కిందకే వస్తారు. దీనికి కలెక్టరు ఉత్తర్వు అక్కర్లేదు, కోర్టుకు వెళ్లక్కర్లేదు. అయితే షరతులున్నాయి, వాటిలో ఏ ఒక్కటి తప్పినా దత్తత చెల్లదు.

బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు, పెళ్లి అయి ఉండకూడదు. కుల కుటుంబ ఆచారం ఒప్పుకుంటుందని రుజువు చేయగలిగితేనే దీనికి మినహాయింపు. అంతకుముందు ఇంకెవరికీ దత్తు వెళ్లి ఉండకూడదు. కొడుకున్నవాళ్లు ఈ చట్టం కింద ఇంకో కొడుకును తెచ్చుకోలేరు, కూతురున్నవాళ్లు ఇంకో కూతుర్ని తెచ్చుకోలేరు. మనవడూ మునిమనవడూ ఉన్నా కొడుకును దత్తు తీసుకోవడం కుదరదు. మగవాడు ఆడపిల్లను తీసుకున్నా, ఆడమనిషి మగపిల్లవాణ్ని తీసుకున్నా ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. భర్త తీసుకుంటే భార్య ఒప్పుకోవాలి, భార్య తీసుకుంటే భర్త ఒప్పుకోవాలి. పెళ్లికానివాళ్లూ భర్త పోయినవాళ్లూ విడాకులు తీసుకున్నవాళ్లూ ఒంటరిగానే తీసుకోవచ్చు. ఇచ్చే వైపు కూడా తల్లీ తండ్రీ ఇద్దరి సమ్మతీ ఉండాలి.

హోమం తప్పనిసరి కాదని చట్టమే చెబుతోంది. తప్పనిసరి అయింది ఇవ్వడం, తీసుకోవడం. బిడ్డను వాళ్లు ఇచ్చినట్టు, వీళ్లు పుచ్చుకున్నట్టు నిజంగా జరగాలి. అందుకే మా దగ్గర రిజిస్ట్రేషన్‌కు వచ్చే రోజు సందడిగా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో అమ్మమ్మ చేతిలో పసుపు కుంకుమల పళ్లెం, మేనమామ చేతిలో కొత్త బట్టలు. సాక్షులు ఆధార్ జిరాక్సులు పట్టుకుని నిలబడతారు. కన్నతల్లి ఒడిలోంచి పిల్లను పెంచే తల్లి ఒడిలో కూర్చోబెట్టి ఫొటో తీయిస్తాను. ఆ ఫొటో రేపు ఎవరైనా కోర్టుకెక్కితే పనికొస్తుందని నా ఆలోచన. కానీ అక్కడున్న ఆడవాళ్లు ఏడుస్తారు, మగవాళ్లు కరెంటు స్తంభం వైపు చూస్తారు. పిల్ల మాత్రం పళ్లెంలో ఉన్న అరటిపండు కోసం చెయ్యి చాస్తుంది.

దత్తత పత్రం రిజిస్టర్ చేయించి తీరాలని చట్టం పట్టుబట్టదు. కానీ ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ సంతకాలు చేసిన పత్రం రిజిస్టరై ఉంటే, దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు భావిస్తుంది. కాదనేవాడే నిరూపించుకోవాలి. ఇరవై ఏళ్ల తరువాత పెద్దనాన్న కొడుకులు భూమి పంపకానికి వచ్చి “ఈమె ఎవరు?” అన్నప్పుడు ఆ కాగితం విలువ తెలుస్తుంది. ఒకసారి చెల్లుబాటైన దత్తతను రద్దు చేసుకోవడం కుదరదు. పిల్లవాడు మాట వినడం లేదనో, ఆ తరువాత సొంత బిడ్డ పుట్టాడనో కాగితం చింపేయలేరు. కన్నవాళ్లూ తిరిగి రమ్మనలేరు. దత్తుకు ముందే ఆ బిడ్డ పేరిట ఉన్న ఆస్తి ఆ బిడ్డదే అవుతుంది. అది తప్ప పుట్టింటి వారసత్వం తెగిపోతుంది. అయితే పుట్టింటి వరసలు మాత్రం పోవు. అక్కడ ఎవరిని చేసుకోకూడదో ఇక్కడికొచ్చాకా చేసుకోకూడదు.

ఉన్న ఒక్క కొడుకును దత్తు ఇవ్వొచ్చా అని ఒకప్పుడు పెద్ద తగాదా నడిచింది. మన తెలుగు కుటుంబమైన బలుసు వారి కేసులో 1899లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇవ్వొచ్చని తేల్చింది. ఆ రోజుల్లో దత్తత కేసులన్నీ దాదాపు ఆస్తి గురించే. పిండం పెట్టేవాడు ఎవడు, పొలం దున్నేవాడు ఎవడు అన్న ప్రశ్నలే. బిడ్డకు ఏం కావాలన్న ప్రశ్న చట్టంలోకి వచ్చేసరికి చాలా కాలం పట్టింది.

దవాఖాన బిడ్డ

అందరూ చెల్లెలి బిడ్డ కోసమే రారు. కొంతమంది గొంతు తగ్గించి మాట్లాడతారు. “దవాఖానల పనిచేసే ఆమె చెప్పింది మేడం. పెళ్లికాని పిల్లకు పుట్టిందట. ఖర్సులిస్తే ఇస్తమంటున్నరు. మీరు కాయితం రాస్తే సాలు.”

రాయను. ఎందుకు రాయనో నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1999లో ఒకసారి, 2001లో మళ్లీ దేవరకొండ చుట్టుపక్కల తండాల పేరు దేశమంతా వినబడింది. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుట్టిన లంబాడీ కుటుంబాల నుంచి దళారులు పసికందుల్ని కారుచౌకగా కొని అనాథాశ్రమాలకు చేర్చారు. అక్కడినుంచి విదేశీ దంపతులకు పంపారు. కన్యాశుల్కం ఇచ్చి పిల్లను తెచ్చుకునే తండాల్లోకి కట్నం వచ్చి కూర్చోవడం, దానికి తోడు కరువు, బాకీలు. దళారులకు ఇంతకంటే ఏం కావాలి? కొత్తగా బార్‌లో చేరిన రోజుల్లో కోర్టు ఆవరణలో చెట్టుకింద కూర్చున్న తండా తల్లుల్ని చూశాను. వాళ్ల వేలిముద్రలున్న కాగితాలన్నీ ‘ఇష్టపూర్వకంగా’ అనే మాటతోనే మొదలయ్యేవి.

ఇది పాత కథ అని కొట్టిపారేయడానికి లేదు. 2024 మే నెలలో రాచకొండ పోలీసులు పట్టుకున్న ముఠా ఢిల్లీ, పుణెల నుంచి పసిబిడ్డల్ని తెచ్చి తెలుగు రాష్ట్రాల్లో పిల్లలు లేని దంపతులకు అమ్మింది. డబ్బులిచ్చి తెచ్చుకున్నవాళ్లు దొంగలేం కాదు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయిన మామూలు మనుషులు. నెలల తరబడి పాలు పట్టి, టీకాలు వేయించి, పేరు పెట్టుకున్న బిడ్డను పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. తరువాత వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు.

చట్టం ఏమంటుందో సూటిగా చెబుతాను. బాలల న్యాయ చట్టం ప్రకారం, వదిలేసిన బిడ్డనో అనాథనో అప్పగించిన బిడ్డనో పద్ధతి ప్రకారం కాకుండా దత్తత ఇచ్చినా, దానికి ఏర్పాటు చేసినా 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బిడ్డను కొన్నా అమ్మినా 5 ఏళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా. అమ్మింది ఆసుపత్రి సిబ్బందే అయితే శిక్ష 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పడవచ్చు. హిందూ దత్తత చట్టం కింద కూడా దత్తతకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం నేరమే. ఆ చట్టం బంధుత్వం ఉండాలని అడగదు. కన్నవాళ్లు ఎదురుగా ఉండి, షరతులన్నీ సరిపోతే పరాయి హిందూ కుటుంబం నుంచి కూడా తీసుకోవచ్చు. ఆ సందులోంచే దళారి దూరతాడు. కన్నతల్లి ముఖం చూపించని బిడ్డకు, ‘ఖర్చుల’ లెక్క చెప్పే బిడ్డకు ఎన్ని స్టాంపు పేపర్లు రాసినా అది దత్తత కాదు.

మరి ఆ పెళ్లికాని తల్లి ఏం చేయాలి? ఆమెకు కూడా దారి ఉంది. బాలల సంక్షేమ సమితి ముందుకొచ్చి బిడ్డను అప్పగించవచ్చు. ఆమె పేరు బయటికి రాదు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు తీరాకే బిడ్డను దత్తతకు సిద్ధం చేస్తారు. కన్నతల్లికి ఆలోచించుకునే సమయం ఇచ్చేది ఈ దారి ఒక్కటే. దళారి ఇవ్వడు.

శిశుగృహ బిడ్డ

పేపరు చదివేవాళ్లు జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో, టెండరు నోటీసుల పక్కన అప్పుడప్పుడు ఒక చిన్న ఫొటో చూసే ఉంటారు. కళ్లు మూసుకున్న పసికందు, కింద నాలుగు వాక్యాలు. ఫలానా తేదీన ఫలానా బస్టాండులో ఈ పాప దొరికింది, సంబంధీకులు ఎవరైనా ఉంటే గడువులోగా సంప్రదించగలరు, లేనిచో చట్టప్రకారం తదుపరి చర్యలు తీసుకోబడును. చాలామంది పేజీ తిప్పేస్తారు. ఆ ‘తదుపరి చర్యలు’ అన్నదే దత్తత. దొరికిన బిడ్డకు కన్నవాళ్లు ఉన్నారేమోనని వెతికి, పోలీసు రిపోర్టు తెప్పించుకుని, ఎవరూ రాకపోతే దత్తతకు అడ్డు లేదని బాలల సంక్షేమ సమితి ప్రకటించాలి. రెండేళ్లలోపు బిడ్డకైతే రెండు నెలల్లో, అంతకంటే పెద్ద బిడ్డకైతే నాలుగు నెలల్లో ఈ పని పూర్తి కావాలి.

ఈ పిల్లల కోసం వెళ్లే దారి ఢిల్లీ మీదుగా పోతుంది. కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, అందరూ పిలిచే పేరు ‘కారా’. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు పగ్గాలు వేసింది. ఆ తీర్పు వెనకాలే 1990లో కారా పుట్టింది. 2015 నాటి బాలల న్యాయ చట్టంతో దానికి చట్టబద్ధ హోదా వచ్చింది. నేరుగా శిశుగృహకు వెళ్లి “ఈ పాపను ఇవ్వండి” అని చూపించి అడిగే వీలు ఇప్పుడు లేదు. కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వరుస ఆ తేదీని బట్టే నడుస్తుంది. ఎమ్మెల్యే ఉత్తరం పనిచేయదు.

నమోదయ్యాక 30 రోజుల్లో కాగితాలు పెట్టాలి. ఫొటో, పాన్ కార్డు, పుట్టినతేదీ, చిరునామా, ఆదాయం రుజువులు, పెళ్లి సర్టిఫికెట్, ఆరోగ్యంగా ఉన్నారన్న డాక్టరు సర్టిఫికెట్, ఎరిగినవాళ్లు ఇద్దరి ఉత్తరాలు. ఆ తరువాత సోషల్ వర్కర్ ఇంటికి వస్తుంది. దీన్ని హోం స్టడీ అంటారు. అందరికీ భయం దీనికే. సున్నాలు కొట్టిస్తారు, కొత్త దుప్పట్లు కొంటారు. ఆమె చూసేది దుప్పట్లు కాదు. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? పిల్లల కోసం ఏ చికిత్సలు చేయించుకున్నారు, ఆ బాధలోంచి బయటపడ్డారా? బిడ్డకు ఈ సంగతి ఎప్పుడు చెబుతారు? మా ఎరికలోని ఒక ఇంట్లో భార్యాభర్తలు ఈ ప్రశ్నలన్నిటికీ చక్కగా జవాబులు చెబుతుంటే, మూలన కూర్చున్న అత్తగారు “ఎవరి రక్తమో ఏమో” అందట. సోషల్ వర్కర్ కలం పక్కన పెట్టి మిగతా సాయంత్రమంతా ఆ పెద్దావిడతోనే మాట్లాడింది. బిడ్డ పగలంతా ఉండబోయేది ఆమె దగ్గరేగా!

హోం స్టడీ రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది. వంతు వచ్చినప్పుడు ఫోనుకు కబురొస్తుంది. పోర్టల్‌లో బిడ్డ ఫొటో, బిడ్డ గురించిన నివేదిక, వైద్య నివేదిక కనిపిస్తాయి. 48 గంటల్లో మా కోసం ఉంచండి అని చెప్పాలి. ఆ తరువాత వెళ్లి బిడ్డను చూడవచ్చు, మన డాక్టరుకు చూపించుకోవచ్చు, 30 రోజుల్లో తేల్చాలి. ఒప్పుకున్నాక ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండానే బిడ్డ ఇంటికి వచ్చేస్తుంది. ఉత్తర్వు వచ్చేదాకా అది దత్తతకు ముందటి సంరక్షణ కింద లెక్క. ఇదివరకు ఈ ఉత్తర్వు జిల్లా కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ అధికారం కలెక్టరుకు వచ్చింది. దరఖాస్తు పెట్టాక రెండు నెలల్లో తేల్చాలన్నది నియమం. ఉత్తర్వును బట్టి పెంచే తల్లిదండ్రుల పేర్లతో జనన ధ్రువపత్రం వస్తుంది. ఆ తరువాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూసి వెళ్తుంది.

ఖర్చు సంగతి అందరూ అడుగుతారు, అడగాలి కూడా. హోం స్టడీకి 6,000 రూపాయలు, సంస్థకు శిశు సంరక్షణ నిధి కింద 50,000, తరువాతి సందర్శనలకు ఒక్కోదానికి 2,000. అన్నిటికీ రసీదు ఉంటుంది. విరాళమనో చందా అనో ఎవరైనా ఇంకా అడిగితే అది లంచమే.

ఎవరికి ఇస్తారు, ఎంతకాలం పడుతుంది

దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. ఇద్దరి వయసూ కలిపి చూస్తారు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. ఒంటరివాళ్లకు ఇదే వరుసలో 40, 45, 50, 55. బిడ్డకూ పెద్దలకూ మధ్య కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాణ్నయినా తీసుకోవచ్చు. ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇంట్లో ఒక కొడుకు ఉన్నా ఈ దారిలో ఇంకో కొడుకును తెచ్చుకోవచ్చు. హిందూ దత్తత చట్టానికీ దీనికీ ఇదొక ముఖ్యమైన తేడా. ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ పిల్లలున్నవాళ్లకు మాత్రం ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని, ఇళ్లు దొరకని పిల్లల్ని మాత్రమే ఇస్తారు.

ఎదురుచూపు ఎంత అంటే, ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కావాలనుకునేవాళ్లకు మూడేళ్లు దాటుతోంది. నమోదు చేసుకుని వరుసలో ఉన్నవాళ్లు 35,000 పైచిలుకు. 2024-25లో కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. అప్పటికి పన్నెండేళ్లలో అదే ఎక్కువ. ఈ రెండు అంకెలు చూసి “ఇంత మంది అనాథలున్న దేశంలో ఇదేం ఆలస్యం?” అని చాలామంది నాతో గొడవపడతారు. ఆశ్రమంలో ఉన్న పిల్లలందరూ దత్తతకు ఉన్నవాళ్లు కారు. వాళ్లలో చాలామందికి తల్లో తండ్రో ఉంటారు. పేదరికం వల్ల, జబ్బు వల్ల అక్కడ వదిలి, పండక్కి వచ్చి చూసి వెళ్లేవాళ్లుంటారు. ఆ బిడ్డల్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు ఎవరికీ లేదు.

ఇంకోవైపు, వరుసలో పెద్దగా ఎదురుచూడక్కర్లేకుండానే వచ్చే పిల్లలు పోర్టల్‌లో కనిపిస్తూనే ఉంటారు. అయిదేళ్లు దాటినవాళ్లు, విడదీయకూడని అన్నాచెల్లెళ్లు, గుండెజబ్బు, చెవుడు, నడక సమస్యలున్నవాళ్లు. వీళ్లను తీసుకోండని నేనెవరినీ బలవంతపెట్టను. ఏడేళ్ల పిల్లవాడు ఏడేళ్ల జ్ఞాపకాలతో వస్తాడు. మొదటి నెలల్లో అన్నం దాచుకుంటాడు, తలుపు దగ్గరే పడుకుంటాడు, మిమ్మల్ని పరీక్షిస్తాడు. అది తట్టుకోగలమనుకున్నవాళ్లే ముందుకు రావాలి. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి తీసుకోవాలని నియమాల్లోనే ఉంది. అంటే వాడు కూడా మిమ్మల్ని దత్తు తీసుకుంటున్నట్టే.

హిందువులు కానివాళ్ల ఇంటికి

మొన్నమొన్నటిదాకా ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు వస్తే 1890 నాటి గార్డియన్ల చట్టం చూపించేవాళ్లం. దానితో సంరక్షకులు అవుతారు తప్ప తల్లిదండ్రులు కారు. బిడ్డకు 18 నిండగానే ఆ బంధం కాగితం మీద ముగిసిపోతుంది. 2014 ఫిబ్రవరిలో షబ్నం హష్మి కేసులో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతంవాళ్లయినా దత్తత తీసుకోవచ్చని స్పష్టం చేసింది. అది అందరికీ తెరిచిన తలుపు. మత ఆచారం ప్రకారమే నడుచుకుంటామనేవాళ్లను బలవంతపెట్టదు. ఈ చట్టం కింద ఉత్తర్వు వచ్చిన బిడ్డ అన్ని విధాలా ఆ ఇంట్లో పుట్టిన బిడ్డతో సమానం, వీలునామా లేని ఆస్తి వారసత్వంతో సహా.

బంధువుల బిడ్డ విషయంలో కూడా ఈ చట్టం పనికొస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పిల్లల్ని తీసుకునే పినతండ్రులు, మేనత్తలు, మేనమామలు, పినతల్లులు, మనవల్ని తీసుకునే తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు వీళ్లంతా బంధువుల కిందకు వస్తారు. హిందువులే అయినా అప్పటికే కొడుకుండి, పోయిన తమ్ముడి కొడుకును దగ్గరికి తీసుకోవాలంటే ఇదే దారి. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా కలెక్టరు ఉత్తర్వు తెచ్చుకోవాలి. బంధువుల దత్తతకు పైన చెప్పిన వయసు లెక్కలు అడ్డురావు. రెండో పెళ్లి చేసుకున్నాక భార్య మొదటి పెళ్లి పిల్లల్ని భర్తో, భర్త మొదటి పెళ్లి పిల్లల్ని భార్యో చట్టప్రకారం తమ పిల్లలుగా చేసుకోవడానికి కూడా ఇందులో వీలుంది.

అమెరికా అక్కకు

“మా అక్క డాలస్‌ల ఉంటది మేడం. మా తమ్ముని బిడ్డను దత్తు తీస్కుంటదట. కాయితం రాసిస్తే వీసా ఒస్తది కదా?”

రాదు. రిజిస్టర్ చేసిన దత్తత పత్రం ఇక్కడ చెల్లుతుంది గానీ, బిడ్డ దేశం దాటాలంటే కారా ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి. పిల్లల అక్రమ రవాణాను అరికట్టడానికి 1993లో హేగ్ ఒప్పందం కుదిరింది, మన దేశం 2003లో దాన్ని ఆమోదించింది. అమెరికా కూడా అందులో ఉంది. హిందూ చట్టం కింద జరిగిన దత్తతలకు కూడా కారా పత్రం తెచ్చుకునే పద్ధతి 2021 సెప్టెంబరులో నియమాల్లోకి వచ్చింది. కలెక్టరు విచారణ చేసి నివేదిక ఇవ్వాలి, అవతలి దేశం అనుమతించాలి. కాబట్టి అక్క అక్కడి అధికారుల దగ్గర పని మొదలుపెట్టాకే ఇక్కడ కాగితం కదలాలి. ముందు ఇక్కడ రాయించుకుని, ఆ తరువాత వీసా ఆఫీసులో చిక్కుకుని, అటు తల్లి దగ్గరా ఇటు తల్లి దగ్గరా లేకుండా నానమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలున్నారు. శిశుగృహ బిడ్డ కోసమైతే, భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులకు ఇక్కడుంటున్న భారతీయులతో సమానంగా వరుస ఉంటుంది. వాళ్లు కూడా తామున్న దేశంలోని అధీకృత సంస్థ ద్వారానే రావాలి.

దత్తతే అక్కర్లేని చోట

అందరికీ దత్తతే జవాబు కాదు. చెల్లీ బావా ప్రమాదంలో పోయారు, పిల్లల్ని మేం పెంచుతాం కానీ మా బావ ఇంటిపేరే ఉండాలి అనేవాళ్లుంటారు. అటువంటప్పుడు సంరక్షకులుగా ఉంటే చాలు. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల ఆర్థిక సాయం ఆ పిల్లలకు అందుతుంది. ఆశ్రమంలో ఉన్న పెద్ద పిల్లల్ని కొంతకాలం ఇంట్లో ఉంచుకుని పెంచే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఒంటరివాళ్లు కూడా ముందుకు రావచ్చు. రెండేళ్లు పెంచాక, ఆ బిడ్డ దత్తతకు అర్హత ఉన్నదైతే వాళ్లే దత్తత తీసుకోవచ్చు.

బిడ్డకు చెప్పాల్సింది

ఇన్ని దారులూ నడిచాక ప్రతి ఇంట్లోనూ మిగిలే ప్రశ్న ఒకటుంది: చెప్పాలా, వద్దా? చెప్పాలి, చిన్నప్పుడే చెప్పాలి. నా దగ్గరికి వచ్చిన వారసత్వ తగాదాల్లో, తాను దత్తు వచ్చిన సంగతి పెద్దయ్యాక ఆస్తి గొడవలో దాయాది నోటినుంచి విన్నవాళ్లున్నారు. పొలం పోయినందుకు కంటే ఆ మాట అలా వినాల్సి వచ్చినందుకే వాళ్లు ఎక్కువ కుమిలిపోయారు. చట్టం కూడా దాచమని చెప్పదు. కారా దారిలో వచ్చిన బిడ్డ 18 నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందైతే తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి. కన్నతల్లి గోప్యతను కాపాడుతూనే, చెప్పగలిగింది చెబుతారు.

అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఆఖరున ఒక మాట చెప్పి పంపుతాను. ఏ దారిలో వెళ్లినా కాగితాలన్నీ రెండేసి కాపీలు చేసి ఉంచుకోండి. వాటిలో ఒక సెట్టు బిడ్డదే. ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎవరు ఉత్తర్వు ఇచ్చారు అని రేపు ఆ పిల్ల అడిగితే చూపించడానికి సిగ్గుపడే కాగితం అందులో ఒక్కటీ ఉండకూడదు. దళారి ఇచ్చిన బిడ్డకు అటువంటి సెట్టు ఎన్నటికీ తయారు కాదు.

ఇంకా మీ దారి ఏదో తేలకపోతే వకీలు దగ్గరికి కూడా ముందు రావద్దు. కలెక్టరేట్‌లో జిల్లా బాలల పరిరక్షణ అధికారి ఎక్కడ కూర్చుంటారో అడిగి వెళ్లండి. దానికి ఫీజు లేదు. బస్టాండులోనో పొదల్లోనో బిడ్డ దొరికితే మాత్రం ఎక్కడికీ పోవద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, ఇంటికి తీసుకెళ్లి సాదుకుందామనీ అనుకోవద్దు. అక్కడే నిలబడి 1098కి ఫోన్ చేయండి.